క్లారీ సీసా

సగం ఉన్ని తీసిన గొర్రెను వదిలేసి బ్రోడీ బయటికి పరుగెత్తాడు. పని ఆపే గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఉన్ని తీసే ఆ షెడ్డులో గంటంటే దేవుడి మాట. అది మోగేదాకా ఎవడూ తన చోటు కదలడు. వేలు తెగితే గుడ్డ చుట్టుకుని కత్తిరిస్తాడు. నడుము పడిపోతే పైనుంచి వేలాడే పట్టీకి ఆనుకుని కత్తిరిస్తాడు. అంతేగానీ గొర్రెను సగంలో వదలడు.

రేకుల మరుగుదొడ్డి షెడ్డు వెనక నూరడుగుల దూరం. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. కడుపులో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టుంది. లేచి చూసుకుంటే మళ్ళీ రక్తం.

తిరిగొచ్చేసరికి అతని గొర్రె నున్నగా తయారై దొడ్లోకి దిగుతోంది. మర కత్తెర పట్టుకుని నిలబడ్డది తండ్రి క్లారీ. ఇప్పుడు ఆయన పని మూలన కూర్చుని కత్తెరలకు సాన పట్టడమే. కత్తెర కొడుకు చేతికిచ్చి సానరాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఏరా బ్రోడీ, మీ నాన్న ఆ సీసా నీకు రాసిచ్చేశాడేంట్రా?" అని అరిచాడు మేస్త్రి నెవ్.

షెడ్డంతా నవ్వింది. గొర్రెలు కూడా నవ్వాయేమో, ఆ గోలలో ఎవరికి తెలుసు.

క్లారీ సంగతి ఆ చుట్టుపక్కల మూడొందల కిలోమీటర్లలో తెలియనివాడు లేడు. వయసులో ఉండగా ఆయన ఉన్ని తీస్తుంటే గొర్రెకు తెలిసేది కాదట. దొడ్లోకెళ్ళి చలేశాక, 'అయ్యో, నా కోటేదీ' అని వెనక్కి చూసుకునేదట. అంతటివాడు జిల్లా పోటీ ఫైనల్లో, ఇంకా రెండు గొర్రెలుండగా, కత్తెర పారేసి బయటికి పరుగెత్తాడు. చంకలో గోనెగుడ్డ చుట్టిన రమ్ము సీసా. ఆ రోజు నుంచి ఆయన పేరు 'రెండు తక్కువ'.

తర్వాత అన్నిటికీ అంతే. చెల్లెలి పెళ్ళిలో, చర్చిలో, బ్రోడీ బడి నాటకంలో తలుపు పక్కనే కూర్చునేవాడు. సగంలో సీసా చంకన పెట్టుకుని మాయమయ్యేవాడు. వాసన తెలియకుండా నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళ. ఆ సీసా ఎప్పుడు నింపుతాడో ఎవరూ చూడలేదు. అక్షయపాత్ర అనుకునేవారు. ఏడాదిలో పది నెలలు షెడ్ల వెంట తిరిగే మనిషి, ఇంటికొచ్చినా ఆ సీసాతోనే వచ్చేవాడు. బ్రోడీకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి లొరెయిన్ బట్టలు సర్దుకుంది. "దాంతోనే కాపురం చేసుకో" అని వెళ్ళిపోయింది.

తాను మాత్రం గంట మోగేదాకా నిలబడే మనిషినవుతానని బ్రోడీ అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నిలబడ్డాడు కూడా. మొన్న ఎండాకాలంలో పట్నం డాక్టరమ్మ పెద్దపేగు నిండా పుండ్లున్నాయంది. పూర్తిగా పోయే జబ్బు కాదు, దాంతో కలిసి బతకడం నేర్చుకోవాలంది. కలిసి బతకడానికి అదేమన్నా కట్టుకున్న పెళ్ళామా?

షెడ్డులో చెయ్యి తెగిందని చెప్పుకోవచ్చు. ఎముక విరిగిందని గొప్పగా చెప్పుకోవచ్చు. ఆపుకోలేకపోతున్నానని, రక్తం పడుతోందని ఏ మొగాడు చెప్పుకుంటాడు?

"అవును, తాగాను. అయితే ఏంటి?" అన్నాడు బ్రోడీ.

నవ్వులు సద్దుమణిగాయి. తాగుబోతుకు అక్కడ ఒక మర్యాద ఉంది. మూలన సానరాయి మాత్రం ఠక్కున ఆగింది.

సాయంత్రం క్లారీ కొడుకు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపట్నుంచి తలుపు పక్క చోటు తీసుకోరా. పొద్దున్నే తెల్ల బ్రెడ్డు తప్ప ఇంకేం తినకు. ట్రక్కులో ఇంకో ప్యాంటు పెట్టుకో."

"తాగుబోతు పాఠాలా? నన్నూ నీలాంటివాణ్ణే అనుకున్నావా నాన్నా?"

క్లారీ జేబులో చెయ్యి పెట్టాడు.

"కాకపోతే బాగుండునురా."

"ఆ సీసా కోసం అమ్మను వదులుకున్నావు. నీ మొహం చూస్తేనే నాకు రోత. ఇంకెప్పుడూ నా చోటు దగ్గరికి రాకు."

ఆయన జేబులోని పిప్పరమెంటు పొట్లం మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. బ్రోడీ దాన్ని కిటికీలోంచి విసిరేశాడు.

నెల తిరక్కుండా క్లారీ సానరాయి మీదే ఒరిగిపోయాడు. గుండె ఆగింది. ఆ నెలంతా తండ్రీకొడుకులు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"గంటకు పది నిమిషాలుందిరా. మళ్ళీ ముందే పోయాడు వెధవ" అన్నాడు నెవ్, కళ్ళు తుడుచుకుంటూ.

గ్యాంగులో ఎవడు పోయినా, వాడి సీసాలో మిగిలింది అందరూ తలో మూతా తాగాలి. అది వాళ్ళ ఆచారం. పాతిపెట్టి వచ్చాక ఉన్ని బల్ల చుట్టూ నిలబడ్డారు.

"అడుగున చుక్కన్నా మిగిల్చాడంటావా?" అన్నారెవరో.

బ్రోడీ తండ్రి ట్రక్కు సీటు కిందనుంచి సీసా తెచ్చాడు. బుద్ధెరిగాక ఆ గోనెగుడ్డను ముట్టుకోవడం అదే మొదటిసారి. కడుపు మెలిపెడుతోంది. ఈ ఒక్క మూతా అయ్యేదాకా ఓర్చుకుందామనుకున్నాడు.

గుడ్డ విప్పి మూత తిప్పబోతే, కంపెనీ వేసిన సీలు, రంగు వెలిసిపోయి, ఎక్కడా తెగకుండా వేసింది వేసినట్టే ఉంది.