పక్క సీట్లో పొడుగాయన

"విప్పితే తిరుగుతోంది, బిగిస్తే ఆగిపోతోంది. దీనికి సిగ్గెక్కువనుకుంటా సార్!" అన్నాడు మెకానిక్, డాష్‌బోర్డు కింద నుంచి తల బయటపెట్టి.

మొక్కలాయనకి నవ్వు రాలేదు.

తన నర్సరీలో మొక్కలు మోయడానికి వేసవిలో కొన్న పాత పికప్ బండి అది. మండుటెండల్లో హీటరు సంగతి ఎవడు చూస్తాడు? తీరా చలి ముదిరాక స్విచ్ వేస్తే వేడిగాలి ఊదే బ్లోయరు కిక్కురుమనలేదు.

పొద్దున్నే షెడ్డు నుంచే అమ్మినవాడికి ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. "మనవరాలిని ఇంటికి తెచ్చుకునే రోజున ఇలా మెయిన్‌రోడ్డు షెడ్డులో కూర్చోబెట్టి నా పరువు తీశావు కదయ్యా!" అన్నాడు. అవతలివాడు "అది కాదండీ, ఆ హీటరూ..." అనేలోపే పెట్టేశాడు. మొక్కలాయనకి చెప్పడమే గానీ వినడం అలవాటు లేదు.

ఆయన కంగారులోనూ న్యాయం ఉంది. పుట్టి వారమైనా కాని పాప ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తోంది. ఎవరింటికి అన్నదే తేలలేదు.

ఇంతలో భార్య ఫోను.

"ఏమండీ, అన్నయ్యగారు కొత్త కారేసుకొచ్చి ఆస్పత్రి గుమ్మంలోనే కూర్చున్నారు. పసిగుడ్డుని చల్లటి బండిలో ఎక్కించనంటున్నారు. హీటరు పనిచేస్తే మనింటికి, లేకపోతే వాళ్ళింటికి. నన్నేం చెయ్యమంటారు?"

"వియ్యంకుడి కారు గొప్పలు నా దగ్గరా? వస్తున్నా ఉండు!"

ఫ్యూజు మార్చారు. స్విచ్ మార్చారు. మోటారుకి నేరుగా బ్యాటరీ నుంచి కరెంటిస్తే గిర్రున తిరిగింది. మూత బిగించగానే మళ్ళీ మౌనవ్రతం.

అప్పుడొచ్చాడు ఓ పొడుగాయన. తెల్లజుట్టు, కొంగ కాళ్ళు. బండి చుట్టూ ఓసారి తిరిగి, బానెట్టు మీద చిన్నగా తట్టాడు.

"బాబూ, ఈ హీటరు ఏంటంటే..."

"ఆ, ఇక మీరొక్కరే తక్కువయ్యారు! ఎటెళ్ళాలి పెద్దాయనా?"

"మీరెటెళ్తే అటే" అంటూ పొడుగాయన పక్క సీట్లో ఎక్కేశాడు. కాళ్ళు పట్టక మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఆనుకున్నాయి.

బుస్సుమంది వేడిగాలి!

"చూశారా సార్, నా చెయ్యి పడితే అంతే మరి!" అన్నాడు అప్పుడే చివరి స్క్రూ బిగించిన మెకానిక్.

మొక్కలాయన బండి ఉరికించాడు. దారంతా వెచ్చగా ఉంది. వియ్యంకుడి మొహం ఎలా మాడుతుందో తలుచుకుంటూ కూనిరాగం కూడా తీశాడు.

"అసలు నేనొచ్చిందే..." అన్నాడు పొడుగాయన.

"లిఫ్టు కోసమేగా, ఎక్కించుకున్నాంగా. ఆ కాళ్ళు కాస్త దగ్గరికి తీసుకోండి, కొత్తగా కొన్న బండి."

"తీస్తే కష్టం బాబూ."

"మోకాళ్ళ నొప్పులా? మా ఆవిడకీ ఉన్నాయిలెండి."

ఆస్పత్రి గేటు దగ్గర బండి ఆగింది.

"ఇక దిగండి. ఇక్కడ మా ఆవిడ, అమ్మాయి, పాప కూర్చోవాలి."

"నన్ను దింపేస్తే ఈ బండి..."

"మీరేమన్నా దీన్లో పార్టా? దిగండి మహానుభావా!"

పొడుగాయన బండి వంక ఓసారి, ఆయన వంక ఓసారి చూశాడు. దిగి బస్టాపు వైపు నడిచాడు.

మొక్కలాయన దర్జాగా బండిని గుమ్మం ముందుకు తెచ్చాడు.

"రండి బావగారూ, రండి! చెయ్యి పెట్టి చూడండి, సెగ!"

వియ్యంకుడు చెయ్యి పెట్టాడు. తీసి, రెండు చేతులూ రుద్దుకున్నాడు.

"సెగ బాగానే ఉంది బావగారూ. కాకపోతే చల్లగా ఉంది."

మొక్కలాయన స్విచ్ వేశాడు, ఆపాడు, గుద్దాడు, చివరికి బతిమాలాడు. ఊహూ!

పాప కొత్త కారెక్కింది. భార్య కూడా అందులోనే ఎక్కి, ఆయన్ని ఓ చూపు చూసి తలుపేసుకుంది. మనవరాలి మొహమైనా సరిగ్గా చూడలేదని మొక్కలాయనకి ఏడుపొచ్చినంత పనైంది.

ఏడుపు కాస్తా కోపమై మళ్ళీ అమ్మినవాడి మీదికే పోయింది. ఫోన్ తీసి మొదలుపెట్టాడు. తిట్టి తిట్టి, ఆయాసమొచ్చి ఆగాడు.

గేటు బయట బస్సు కదిలిన చప్పుడైంది.

ఆయన ఊపిరి తీసుకునే ఆ సందులో ఫోన్‌లో అవతలివాడికి నోరు తెరిచే అవకాశం దొరికింది.

"అదేంటండీ, మా నాన్న రాలేదా? డాష్‌బోర్డు లోపల ఒక వైరు వదులు, ఇన్నేళ్ళూ ఆ సీట్లో ఆయన మోకాలు ఆనితేనే ఆ హీటరు తిరిగేది. పొద్దున నా మాట మీరు వినిపించుకోలేదు కదాని, పాప ఇల్లు చేరేదాకా మీ పక్కనే కూర్చోమని ఆయన్నే పంపించానండీ."