బొంతలు కప్పిన కారు

పాత కార్ల ప్రదర్శనకు బయలుదేరిన కాంట్రాక్టరు డిక్కీలో సర్దుకున్నవి మూడు సూట్లు, ఒక అద్దం.

"బావా, మధ్యాహ్నం వడగళ్ల వానట. టార్పాలిన్ పెట్టుకుందామా?" అన్నాడు బావమరిది.

"కప్పేస్తే కారేం కనబడుతుంది, నీ మొహం! అంత రంగు వేయించింది మూత పెట్టడానికా?"

వానని కూడా తన దగ్గర పనిచేసే మేస్త్రీ అనుకునే రకం ఆయన.

మైదానంలో ఆ మీగడరంగు కారు చుట్టూ జనం మూగారు. అది నిరుడు వేలంలో కొన్న కారు. అయినా, "మా తాతగారిది. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నడిపేవారు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాడు. అబద్ధానికి ఆయన తడుముకున్న పాపాన పోలేదు.

సొట్టలు పడ్డ వ్యానులోంచి ఓ ముసలావిడ దిగింది. చేతుల నిండా బొంతలు, తాళ్లు.

"వడగళ్లు పడేలా ఉన్నాయి బాబూ. ఇవి కప్పి, పైన టార్పాలిన్ కడదాం. నా దగ్గరుంది."

"బొంతలు కప్పడానికి ఇదేమన్నా జ్వరమొచ్చిన మనిషా?" కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు.

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. సూటు వేసుకున్నవాడు నవ్వితే నవ్వాలి కదా!

ఆవిడ కారు తలుపు మీద మెల్లగా చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్యమ్మా! మరకలు పడతాయి. ఆ వ్యాను కూడా అవతల పెట్టుకో, ఫొటోల్లో పడుతోంది."

ఆవిడ బొంతలతో వెనక్కి నడిచి, వ్యాను అవతల పెట్టుకుంది.

ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. మొదటి వడగల్లు నెత్తిన పడగానే కాంట్రాక్టరు కోటు తలమీద కప్పుకుని షెడ్డులోకి ఉరికాడు. తాతగారి కారుకంటే తన క్రాపే ముఖ్యమైంది. వెనకాలే బావమరిది, ఆ వెనక అందరూ.

వాన వెలిశాక అందరూ బయటికొచ్చారు. ఎటు చూసినా పగిలిన అద్దాలు, గుంటలు పడ్డ బానెట్లు. మీగడరంగు కారు ఒక్కటే బొంతల కింద, బిగించి కట్టిన టార్పాలిన్ కింద, చెక్కుచెదరకుండా ఉంది.

మొదటి బహుమతి దానికే వచ్చింది. పోటీకి ఇంకొకటి మిగిలితేగా!

"ముందుజాగ్రత్త మా తాతగారి నుంచి వచ్చిందండీ" అన్నాడు కాంట్రాక్టరు మైకులో.

చప్పట్లు మోగాయి. బావమరిది తల దించుకున్నాడు. ఆ ఇంట్లో సిగ్గు అతనికొక్కడికే ఉంది.

వేదిక దిగగానే నిర్వాహకుడు పరుగున ఎదురొచ్చాడు.

"మీరింకా ఇక్కడే ఉన్నారేంటండీ? ఆ పెద్దావిడ తలకి దెబ్బలు తగిలాయి. వడగళ్లలో ఒక్కతే నిలబడి మీ కారుకి తాళ్లు కట్టింది. ఆస్పత్రికి పంపించాం."

"ఆవిడెవరో మాకేం తెలుసు?"

నిర్వాహకుడు తెల్లబోయాడు.

"అదేంటండీ, 'ఇది మా నాన్న కారు, ఒక్కసారి చూసుకుని పోదామని వచ్చాను' అంటూ ఏడ్చింది... మరి కారు మీ తాతగారిదైతే, ఆవిడ మీ సొంత మేనత్తే కదా!"