మొగుడి పేరు

"నీ మొగుడి పేరేటి?" హెడ్డు జగన్నాధం మూడోసారి అడిగాడు.

అసిరమ్మ తల దించుకుంది. బొబ్బలెక్కిన కుడికాలు నేలకి ఆనించలేక, ఠాణా గోడ పట్టుకుని నిలబడింది.

"సెప్పకూడదు బాబూ."

"ఏం, ఎందుకు సెప్పకూడదు?"

"ఆడది మొగుడి పేరెత్తితే ఆయన ఆయుస్సు తరుగుద్ది. అందులోనూ మొక్కు నడకలో ఉన్నదాన్ని."

జగన్నాధం నెత్తి కొట్టుకున్నాడు. అది అరవై తొమ్మిదో సంవత్సరం, వైశాఖమాసం. కొండల్లో గొడవలు ముదిరి, శ్రీకాకుళం వైపు నుంచి విజయనగరంలో అడుగుపెట్టే ప్రతి కొత్త మొహాన్నీ ఆపి అడగమని పైనుంచి హుకుం. పొద్దున్నే గంటస్తంభం దగ్గర కొట్లో ఆముదం కొంటున్న ఒక మనిషిని కానిస్టేబుళ్ళు పట్టుకొచ్చారు. రాజాం పక్క పల్లె నుంచి సింహాచలానికి నడిచి పోతున్నామనీ, భార్య కాళ్ళు బొబ్బలెక్కితే ఈ రోజుకి కోట దగ్గర సత్రంలో ఆగామనీ, ఆముదం ఆ కాళ్ళకేననీ అతను చెప్పాడు. వెంటనే సత్రానికి మనిషిని పంపారు. ఆ కానిస్టేబులు గుమ్మంలో నిలబడి, "రాజాం అసిరమ్మెవరు? నీ మొగుడు ఠాణాలో ఉన్నాడు" అని కేకేసేసరికి ఆమె లేచి నిలబడింది. ఎవరితోనూ ఏమీ అనకుండా కుంటుకుంటూ వెంట వచ్చింది.

అతను ఇప్పుడు ఊచల వెనక నిలబడి ఉన్నాడు. ఆముదం సీసా ఇంకా చేతిలోనే ఉంది. ఆమె వంక చూడటం లేదు.

"సూడు అసిరమ్మా," జగన్నాధం గొంతు తగ్గించాడు. "ఊరు కలిసింది. మూడో రోజు నడకన్నావు, ఆడూ అదే అన్నాడు. మొక్కు దేనికి?"

"మొగుడికి పచ్చకామెర్లు తగ్గితే కొండకి నడిసొస్తానని మొక్కుకున్నాను."

"అదీ కలిసింది. మరి ఆడి సేతులు సూసేవా? నాగలి పట్టిన సేతుల్లాగున్నాయేటి?"

"ఆర్నెల్లు మంచం దిగని మనిషి సేతులు ఎలాగుంటాయి బాబూ?"

జగన్నాధానికి ఆ జవాబు నచ్చింది. అయినా పోలీసువాడు కదా, అంత తేలిగ్గా నచ్చనిస్తాడా?

"ఇంక పేరొక్కటే మిగిలింది. ఆడో పేరు సెప్పాడు, రాసుకున్నాను. నువ్వూ అదే సెప్పావా, ఇద్దరూ ఎల్లిపోండి. సెప్పనేదనుకో, సాయంత్రం శ్రీకాకుళం జీపొస్తాది, ఆణ్ణి ఎక్కించేస్తాను. అక్కణ్ణించి నా సేతిలో ఏటీ ఉండదు."

ఆ జీపు సంగతి రాజాం సంతలో కూడా చెప్పుకుంటారు. ఎక్కిన వాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో, అసలు వస్తారో రారో తెలిసిన వాళ్ళు లేరు. అసిరమ్మ ఊచల వైపు చూసింది. తన కాలి కోసం బజారుకెళ్ళకపోతే ఈ మనిషి సత్రం అరుగు మీద చల్లగా పడుకుని ఉండేవాడు. ఆ ఆలోచనే ఆమెని కోసేస్తోంది.

"పోనీ నోటితో సెప్పకు," అన్నాడు జగన్నాధం. "నే పేర్లు సదువుతాను, మీ ఆయనది రాగానే తలూపు. అప్పలసూరి... ఎర్రన్న... నూకయ్య..."

అసిరమ్మ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. "వద్దు బాబూ! తలూపినా సెప్పినట్టే!"

ఊచల వెనక అతను కళ్ళు మూసుకున్నాడు.

జగన్నాధం లాఠీతో బల్ల మీద ఒక్కటిచ్చాడు. "పేరెత్తితే ఎప్పుడో తరిగే ఆయుస్సు కోసం సూసుకుంటన్నావు. ఎత్తకపోతే ఈ సాయంత్రమే తరిగిపోద్ది! బుర్రుందేటే నీకు?"

అసిరమ్మ ఏడ్చేసింది. దొంగ ఏడుపు కాదు, కడుపులోంచి వచ్చిన ఏడుపు.

"అప్పన్న మీదొట్టు బాబూ. పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. నా మొగుడి పేరు ఏనాడూ నా నోటంట రానేదు. సంపినా రాదు. ఆ తరవాత మీ ఇట్టం."

జగన్నాధం లాఠీ పక్కన పెట్టాడు. అతనికి సొంత ఇల్లు గుర్తొచ్చింది. మొన్న రేషను కార్డు రాసే గుమాస్తా గుమ్మంలోకొస్తే, తన భార్య మొగుడి పేరు చెప్పలేక పక్కింటావిడ్ని పిలిచి చెప్పించింది. అప్పుడు పెళ్ళాన్ని కసిరాడు గానీ, లోపల కాస్త మురిసిపోయిన మాట కూడా నిజమే.

లేచి కానిస్టేబుళ్ళ వైపు తిరిగాడు.

"ఒరే, ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది. దొంగ పెళ్ళామైతే, నేర్పిన పేరు అడక్కముందే ఒప్పజెప్పేసును. సంపినా సెప్పనంటందంటే ఇది అసలు పెళ్ళామేరా. తలుపు తియ్యండి."

హెడ్డు అనుభవానికి ఎదురు చెప్పేవాళ్ళు ఆ ఠాణాలో లేరు. తలుపు తీశారు.

బయట ఎండ మాడిపోతోంది. అతను ముందు, ఆమె కుంటుతూ వెనక, కోటగోడ నీడ దాకా నడిచారు. అక్కడ ఆమెని కూర్చోబెట్టి సీసా అందించాడు.

అసిరమ్మ పాదానికి ఆముదం రాసుకుంటూ వీధికి అటూ ఇటూ చూసింది. ఖాకీ గుడ్డ ఎక్కడా కనపడలేదు. అప్పుడు మెల్లగా అడిగింది.

"నిన్న నెల్లిమర్ల ఏటికాడ నా మూటందుకున్న కాణ్ణించీ దారంతా నా గోడే ఎళ్ళబోసుకున్నాను గానీ, ఇంతకీ నీ పేరేటి బాబూ?"