ఒక్క తల్లి దొరికితే చాలు

"రావట్లేదట సార్," అంది గిరిజ ఫోన్ పర్సులో పెట్టుకుంటూ.

వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో అసెంబ్లీ కమిటీ గది తలుపు ముందు నిలబడ్డ విశ్వనాథం గారికి ఒళ్ళు మండిపోయింది.

"రాదా? నిన్నటిదాకా తప్పకుండా వచ్చి కమిటీకి తన పిల్లాడి సంగతి చెబుతానందిగా ఆ మీనాక్షి!"

"వాళ్ళాయన వద్దన్నాడట. ఇక్కడ పేరు చెబితే గ్రీన్ కార్డ్ ఆగిపోతుందని ఎవరో చెప్పారట."

"ఎవడమ్మా ఆ చెప్పినవాడు? బడిలో పిల్లాడు టిఫిన్ తింటే గ్రీన్ కార్డ్ ఎందుకాగుతుంది? లాయర్ చేత కూడా చెప్పించాం కదా!"

"చెప్పించాం సార్. కానీ మనవాళ్ళు లాయర్ మాటకన్నా పాట్‌లక్ విందులో పక్కన కూర్చున్నాయన మాటే నమ్ముతారు."

అదీ నిజమే. విశ్వనాథం గారు రిటైరైన శాస్త్రవేత్త. ఆష్‌బర్న్‌లో 'గూడు' అని ఒక కుటుంబ సేవా సంస్థ పెట్టి, దానికి తనే ప్రెసిడెంటుగా ఉన్నారు. గిరిజ అందులో ఉద్యోగి. రిసెషన్ వచ్చాక ఉద్యోగాలు పోయిన ఇళ్ళు ఎన్నో ఆయనకి తెలుసు. పైకి మాత్రం అందరూ 'బాగున్నాం అంకుల్' అనేవాళ్ళే. బడిలో ఉచిత భోజనానికి దరఖాస్తు పెట్టడానికి కూడా పరువు అడ్డం. అందుకే, ఎవరూ ఏమీ అడుక్కోనక్కర్లేకుండా బళ్ళో ప్రతి పిల్లాడికీ పొద్దున్నే టిఫిన్ పెట్టాలని ఒక బిల్లు పట్టుకుని ఆయన చలికాలమంతా ఈ భవనం చుట్టూ తిరుగుతున్నారు. అరిగిన చెప్పులకి లెక్కలేదు.

"పద, మనమే మాట్లాడదాం," అన్నారు విసురుగా.

లోపల వాళ్ళకిచ్చింది రెండు నిమిషాలు. విశ్వనాథం గారు అంకెలన్నీ గడగడా చదివారు. వాళ్ళ జిల్లా ప్రతినిధి కుర్చీలో వెనక్కి వాలి, చిరునవ్వుతో అంతా విన్నాడు.

"డాక్టర్ గారూ, మన కౌంటీ దేశంలోనే సంపన్నమైన వాటిల్లో ఒకటి. మీ వాళ్ళంతా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. అక్కడ పస్తులుండే పిల్లలున్నారంటే నమ్మేదెలా? ఒక్క తల్లిని చూపించండి, ఓటేస్తాను."

"వాళ్ళు బయటికి రావడానికి సిగ్గుపడుతున్నారు."

"పోనీ, ఇలాంటివి మీలాంటి సంస్థలే చూసుకోవచ్చుగా? ప్రభుత్వం దేనికి?"

విశ్వనాథం గారికి ఉక్రోషం తన్నుకొచ్చింది. "మేం చేయగలిగిందంతా చేస్తున్నాం సార్! ఆఫీసు చిన్నది చేశాం. కాఫీ మానేశాం. మా స్టాఫ్ సగం జీతానికే పని చేస్తున్నారు, ప్రతి డాలరూ పిల్లలకే పోవాలని! ఇంకేం చేయమంటారు?"

"అభినందనలు. ఆ త్యాగబుద్ధే అందరికీ కావాలి," అన్నాడు ప్రతినిధి. బిల్లు వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

తిరుగు ప్రయాణంలో తొంభై ఐదో నంబరు హైవే మీద ట్రాఫిక్ చీమలబారులా పాకుతోంది. స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టారు విశ్వనాథం గారు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది! వాణ్ణని ఏం లాభం? మనవాళ్ళననాలి. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క తల్లికి నోరు లేదా?"

గిరిజ పొద్దుట తెచ్చుకున్న ఉప్మా డబ్బా ఒళ్ళో అలాగే ఉంది.

"అదేంటి, ఇంకా తినలేదా?"

"ఆకలి లేదు సార్. ఇంటికెళ్ళాక పిల్లాడు తింటాడు."

"అవునూ, మీ ఆయన రాజీవ్‌కి ప్రాజెక్ట్ ఏమైనా వచ్చిందా?"

"ఇంటర్వ్యూలు అవుతున్నాయి సార్."

"వస్తుందిలే, తెలివైనవాడు." ఆయన ధ్యాస మళ్ళీ కమిటీ గదికే పోయింది. "అది కాదమ్మా, నేను నిన్ననడం లేదు గానీ, నువ్వు ఇంటింటికీ తిరిగావు కదా. నిజంగా ఒక్కరు కూడా దొరకలేదా?"

గిరిజ కిటికీలోంచి బయటికి చూస్తూ, "దొరికింది సార్. అందరికంటే ముందే దొరికింది," అంది.

"దొరికిందా! మరి నాకు చెప్పవేం? మాట్లాడే మనిషేనా?"

"బాగానే మాట్లాడుతుంది. గ్రీన్ కార్డ్ భయం కూడా లేదు."

"మరింకేం! తీసుకురావలసింది కదా!"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని ఊరుకుంది సార్. ఆమె ఉద్యోగం చేస్తోంది. అయినా ఇల్లు గడవట్లేదు. పిల్లాడికి పొద్దున పాలు కూడా పోయలేని రోజులున్నాయి. ఆ మాట కమిటీలో చెబితే, ఆ జీతమిచ్చేదెవరని అడుగుతారు. ఆయనకి తలవంపులవుతుందని నోరు మూసుకుంది."

"ఎవడికి తలవంపులు?"

"పని ఇచ్చినాయనకి. పెద్దమనిషి సార్. మనసు మంచిదే."

"మంచిదా, మట్టిగడ్డా!" విశ్వనాథం గారి గొంతు కారంతా నిండింది. "పనిచేసే తల్లి పిల్లాడికి పాలు పోయలేకపోతే, ఆ జీతమిచ్చేవాడు పెద్దమనిషెలా అవుతాడు? ఇలాంటి వాళ్ళ వల్లే కదూ మనమిలా గుమ్మం గుమ్మం తిరిగి దేబిరిస్తున్నాం! నీకిదేం జాలమ్మా వాడి మీద? ఎవడు వాడు? మన తెలుగువాడేనా?"

"తెలుగువారే."

"మన ఊళ్ళోనేనా?"

"అవును సార్."

"అయితే మరీ మంచిది. పేరు చెప్పు. ఆదివారం వాడి గుమ్మంలో కూర్చుని, నలుగురి ముందూ కడిగేస్తాను!"

"వద్దులెండి సార్. మీరు బాధపడతారు."

"నాకెందుకమ్మా బాధ? సిగ్గుపడాల్సింది వాడు! చెప్పు, ఎవడు?"

గిరిజ కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"మీరే సార్."