ఒడ్డున ఉండవలసినవాళ్ళు

నది ఒడ్డున టీమ్ వేసుకున్న టెంటు గుంజకి అతికించిన కాగితాన్ని వేణుమాధవ్ రెండోసారి చదివాడు. పిల్లల్ని హైస్కూల్ రోయింగ్ టీమ్‌లో చేర్చిన తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలట. ఒకటి: పడవలు నీళ్ళలోకి దింపే చెక్క వేదిక మీదకి పేరెంట్స్ రాకూడదు. రెండు: ఒడ్డు వెంట పరిగెడుతూ అరవకూడదు. మూడు: పిల్లల టైమింగులతో ఎక్సెల్ షీట్ తయారుచేసి కోచ్‌కి పంపకూడదు.

మూడోది తన కోసమే రాసినట్టుంది. జేబులోని ఫోన్‌లో సరిగ్గా అలాంటి ఈమెయిలే రాసి పెట్టుకున్నాడు, పంపడమే తరువాయి. టెన్త్ గ్రేడ్ చదివే కూతురు రష్మి ఆర్నెల్లుగా ప్రాణం పెట్టి తెడ్డు వేస్తున్నా ఇంకా సెకండ్ బోట్‌లోనే ఉంది. వచ్చే వారం పెద్ద పోటీకి ఫస్ట్ బోట్‌లో ఎవరెవరో కోచ్ ఈ సాయంత్రమే చెప్తాడు. ఆ సీటు గురించే ఆలోచిస్తూ నాలుగు రోజులుగా పిల్ల సరిగ్గా అన్నం కూడా తినడం లేదు.

నిజానికి వేణుమాధవ్‌కి ఈత రాదు. జన్మానికి ఒక్కసారి నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కాడు, అదీ కళ్ళు మూసుకుని. అయినా నెల రోజులు యూట్యూబ్ చూశాక, ముప్పై ఏళ్ళుగా రోయింగ్ నేర్పుతున్న కోచ్‌కి రెండు ముక్కలు చెప్పగలనన్న నమ్మకం కుదిరింది. సాఫ్ట్‌వేర్ మనిషికి ఆమాత్రం ధీమా ఉంటుంది మరి. పొద్దున హెర్న్‌డన్‌లోని ఇంటి నుంచి వస్తుంటే కార్‌లో రష్మి ఒకే ఒక్క మాట అంది.

“డాడీ, కోచ్‌తో ఏం మాట్లాడొద్దు, ఓకే?”

ఓకే అన్నాడు. ఈమెయిల్ పంపడం మాట్లాడటం కిందకి రాదని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

“ఆ మూడు రూల్సూ నా పుణ్యమేనండీ,” అన్నారెవరో పక్కనుంచి.

టీమ్ జాకెట్ వేసుకుని, పెద్ద పెనం మీద పాన్‌కేకులు తిరగేస్తున్న యాభై ఏళ్ళ మనిషి. పేరు భీమశంకర్ అని చెప్పుకుని, రష్మి ఏ గ్రేడో అడిగి తెలుసుకున్నాడు. అటుగా వెళ్ళే ఆడపిల్లలంతా “హాయ్ భీమ్ అంకుల్” అంటూ తలా రెండు పట్టుకుపోతున్నారు. కొత్త పేరెంట్ ఎవరు కనిపించినా ఈ కథలు వినిపించకుండా ఆయన వదిలిపెట్టడని, కాఫీ పోస్తున్న రాధారాణి అనే ఆవిడ నవ్వుతూ ముందే హెచ్చరించింది.

అన్నట్టే అయింది. ఆయన కూతురు అనిక ఓ రోజు సన్‌స్క్రీన్ మర్చిపోయిందట. అందించడానికి వెళ్ళిన ఈయన ఒక కాలు వేదిక మీద, ఇంకో కాలు పడవలో పెట్టాడట. పడవ కదిలింది, వేదిక కదల్లేదు. మార్చి నెల చన్నీళ్ళలో పీకల్లోతు మునిగి కూడా చెయ్యి మాత్రం పైకెత్తి సన్‌స్క్రీన్ తడవకుండా కాపాడాడట. అది వాటర్‌ప్రూఫ్ అని ఇంటికెళ్ళాక చదివాడట.

రెండో రూల్ కథ ఇంకా ఘోరం. పడవలో ఎనిమిదిమందీ వినాల్సింది చుక్కాని పట్టుకున్న పిల్ల చెప్పే లెక్క ఒక్కటే. ఈయనేమో ఒడ్డు వెంట పరిగెడుతూ, లాగమ్మా లాగు అని గొంతు చించుకున్నాడు. అనిక తండ్రి గొంతు విని తల తిప్పింది, తెడ్డు నీళ్ళలో ఇరుక్కుంది, గెలవాల్సిన పడవ ఆఖరిది అయింది.

“నేను మాత్రం ఫస్టొచ్చానండీ. పడవలన్నిటికంటే ముందు ఫినిష్ లైన్ చేరింది నేనే,” అన్నాడు భీమశంకర్.

వేణుమాధవ్ నవ్విన నవ్వుకి చేతిలో కాఫీ ఒలికింది. తనలాంటి వాడు ఇంకొకడు ఉన్నాడన్న ఊరట కూడా కలిగింది. మెల్లగా అసలు సంగతికి వచ్చాడు.

“మరి ఆ ఎక్సెల్ షీటు?”

“డేటాబేస్ వాణ్ణి కదండీ, చేతులు ఊరుకోవు. పదహారుమంది పిల్లల టైమింగులు, మూడు గ్రాఫులు. మా అనికే ఫస్ట్ బోట్‌లో ఉండాలని రుజువు చేసి పంపాను. అప్పుడు తనూ మీ అమ్మాయిలాగే టెన్త్ గ్రేడ్.”

“పని చేసిందా?”

“వారంలో సీటిచ్చారు. అంతకుముందు ఆ సీట్లో ఉన్నది అనిక బెస్ట్ ఫ్రెండ్. నా షీటు టీమంతా ఎలా పాకిందో పాకింది.”

ఆయన పాన్‌కేక్ తిరగేశాడు. వేణుమాధవ్ చెవికి మాత్రం మొదటి మాటే ఎక్కింది. వారంలో సీటు. అలాంటి షీటు పనిచేస్తుంది కాబట్టే పంపకూడదని రూల్ పెట్టుంటారు. ఈపాటికి ఆ అనిక వెంట కాలేజీ కోచ్‌లు పడుతూ ఉంటారు. తను ఒక్కడే బుద్ధిమంతుడిలా కూర్చుంటే రేపు నష్టపోయేది రష్మి కదా అనుకున్నాడు. పిల్లకి ఇచ్చిన మాట గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది కానీ, సీటు వచ్చాక అదే సంతోషిస్తుందిలే అని సరిపెట్టుకున్నాడు.

నదిలో ఫస్ట్ బోట్ బయల్దేరింది. భీమశంకర్ గరిట పక్కన పెట్టి, గట్టిగా అరవకుండా, పడవలోని ఒక్కొక్క పిల్ల పేరూ తనలో తను చెప్పుకుంటూ చప్పట్లు కొడుతున్నాడు. వేణుమాధవ్ ఫోన్ తీసి ఈమెయిల్ తెరిచాడు. బొటనవేలు సెండ్ మీద పెట్టి, మర్యాదకి ఒక మాట అడిగాడు.

“ఇంతకీ అందులో మీ అమ్మాయిది ఏ సీటండీ?”

భీమశంకర్ చప్పట్లు ఆపాడు.

“ఆ సీటొచ్చిన నెలకే అనిక రోయింగ్ మానేసిందండీ. రెండేళ్ళయింది.”