ఓడని రాక్షసి

"దీన్ని ఇక్కడ పెట్టడానికి వీళ్ళకి సిగ్గుండాలి," అంది అక్క, మ్యూజియంలో గాజు వెనక ఉన్న పాత వీడియోగేమ్ మెషీన్‌ని చూపిస్తూ.

ఒకప్పుడు ఆ ఆటను నిషేధించాలని వీధి వీధీ తిరిగింది ఆమే. ఆ గొడవతోనే ఆట సంగతి ఇంటింటికీ తెలిసి, దాన్ని తయారుచేసిన తమ్ముడికి ఎక్కడలేని పేరొచ్చింది.

తెర మీద ఒక రాక్షసి మల్లయోధుణ్ణి జుట్టు పట్టుకుని గోడకేసి బాదింది. రక్తం చిమ్మింది.

"ఛీ! ఈ పాడు బుద్ధి నీకెక్కణ్ణించి వచ్చిందిరా? మనింట్లో ఎవరికుంది?"

తమ్ముడు నసిగాడు. "అడిగావు కాబట్టి చెబుతున్నా, కోప్పడకు. చిన్నప్పుడు నీ బొమ్మ విరగ్గొట్టానని వంటింట్లో నన్ను ఇలాగే బాదావు. ఆ దెబ్బ నీదే. ఆ నడకా, ఆ గుడ్లురమడమూ నీవే."

తెర మీద రాక్షసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. అక్క తన నడుం మీది చెయ్యి మెల్లగా దించేసింది.

"మరి దాన్ని ఓడించడం ఎలా?" అంది చివరికి.

"కుదరదక్కా. అది ఓడేలా చెయ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు."

అక్క అటు వెళ్తున్న కాపలా మనిషిని పిలిచింది.

"ఈ గాజు కాస్త తుడవండి బాబూ. ఆవిడ సరిగ్గా కనబడటం లేదు."