ఎలుగుబంటి మచ్చ

ఆయన క్యాంపు నుంచి తిరిగొచ్చేలోపు మానిటర్ మార్చేయాలి. ఆమె చేతిలో ఉన్నది ఒక్క పూటే.

తప్పు తనదే. పాప ఏడుపు ఆపుతోంది కదాని తెర మీద తెల్ల ఎలుగుబంటి బొమ్మ పెట్టింది. మూడు రోజులు తీయలేదు. ఇప్పుడు బొమ్మ తీసేసినా ఎలుగుబంటి మాత్రం దయ్యంలా లోపలే కూర్చుంది.

కొన్న రోజే ఆయన పాఠం చెప్పాడు.

"ఇది ఓలెడ్. మామూలు వాటికి వెనకాల పెద్ద దీపం వెలుగుతూనే ఉంటుంది. నలుపు వేసినా సందుల్లోంచి వెలుతురు కారుతుంది. ఇందులో ప్రతి చుక్కా సొంత దీపమే. నలుపంటే ఆ దీపం ఆరిపోవడమే, కాటుక నలుపు. కానీ ఒకే బొమ్మ రోజుల తరబడి ఉంచామో, ఆ దీపాలు అరిగి మచ్చ పడుతుంది. చచ్చినా పోదు."

పదోక్లాసులో చదువు ఆగిపోయిందని ఆయన ఏనాడూ దెప్పలేదు. ఇవాళ దెప్పుతాడేమోనని ఆమె భయం.

కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు వచ్చి మచ్చ చూశాడు. మీసాల్లోనే నవ్వుకున్నాడు.

"అచ్చం ఇలాంటిదే, మామూలుది, ఇంకోటుంది లేక్కా. బిగించేస్తా."

"మీ బావ కనిపెడితే?"

"చీకట్లో నలుపు చూస్తేనే తెలిసేది. కర్టెన్లు తీసి ఉంచు."

అదృష్టం బాగుంది. మూడు నెలలుగా ఆయనే, కళ్లకి మంచిదంటూ, కర్టెన్లు తీయించి మరీ పని చేస్తున్నాడు.

సాయంత్రం ఆయనొచ్చి మానిటర్ ముందు కూర్చున్నాడు. ఆమె పాపనెత్తుకుని తలుపు చాటు నుంచి తొంగిచూసింది.

"చూశావా ఆ నలుపు? మామూలు వాటికి ఏడు జన్మలెత్తినా రాదు."

"అవునండీ" అంది, నవ్వుని పాప బుగ్గలో దాచుకుంటూ. పాపం, పిచ్చిమారాజు.

రెండ్రోజులాగి తమ్ముడి షాపుకెళ్తే, తన ఇంటి మానిటర్ బల్ల మీద వెలుగుతోంది. ఎలుగుబంటి జాడే లేదు.

"మచ్చ చచ్చినా పోదన్నారు కదరా?"

"ఓలెడ్‌లో పోదు. మామూలు వాటిల్లో ఒక్కోసారి నీడలా నిలుస్తుంది, ఆర్పి ఉంచితే పోతుంది."

"మరి ఇది ఓలెడేగా?"

తమ్ముడు నిట్టూర్చి, బల్ల కింద నుంచి ఇంకో మానిటర్ లాగి వెలిగించాడు. తెర నిండా ఏడు వరసల్లో పేకముక్కల మచ్చలు.

"మీ ఇద్దరి దొంగతనాలూ మోయడం నా వల్ల కాదక్కా. ఓలెడ్ ఇదీ. మూడు నెలల కిందట, 'మీ అక్కకి తెలిస్తే పరువు పోతుందిరా' అంటూ బావే తెచ్చి మార్పించుకున్నాడు."